మహిళల విశ్రాంత జీవిత ఆర్థిక ప్రణాళిక: అనకాపల్లి జిల్లా

సంపాదన ఆగిపోయాక గడపాల్సిన ఏళ్లకు ఆదాయం, వైద్యం, నివాసం సమకూరేలా పనిచేసే వయసులోనే చేసుకునే ఏర్పాటును విశ్రాంత జీవిత ఆర్థిక ప్రణాళిక అంటారు. మహిళల విషయంలో ఈ ఏర్పాటును విడిగా అధ్యయనం చేయడానికి ప్రధాన కారణాలు మూడు. వారు పురుషులకన్నా సగటున ఎక్కువ కాలం జీవిస్తారు. పెళ్లి, కాన్పు, పిల్లల పెంపకం, ఇంట్లో పెద్దల సేవ వల్ల వారి సంపాదన మధ్యమధ్యలో తెగిపోతుంది. ఇల్లు, పొలం, డిపాజిట్లు చాలా కుటుంబాల్లో భర్త పేరునో కొడుకు పేరునో ఉంటాయి. 2011 జనగణన నాటికి దేశంలో వితంతువుల సంఖ్య నాలుగు కోట్లు దాటింది. భార్యను కోల్పోయిన పురుషుల సంఖ్య అందులో మూడో వంతు కూడా లేదు. మలివయసు చివరి ఏళ్లను ఒంటరిగా గడపాల్సి వచ్చేది ఎక్కువగా స్త్రీలేనని ఈ తేడా చెబుతోంది.

జిల్లాలో మహిళల సంపాదన

2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడిన అనకాపల్లి జిల్లాలో అన్ని రకాల మహిళా శ్రమా కనిపిస్తుంది. బెల్లం మార్కెట్‌కు, 1913 నుంచి ఉన్న చెరకు పరిశోధన కేంద్రానికి పేరుపడిన ప్రాంతమిది. ఇక్కడ చెరకు తోటలో జడచుట్టు, కలుపు, కోత పనులకు వచ్చే ఆడకూలీకి యజమాని ఒక్కరే ఉండరు, జీతపు చీటీ ఉండదు, పదవీ విరమణ తేదీ అసలే ఉండదు. ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్లు పని, లేనినాడు లేదు. అచ్యుతాపురంలో సుమారు వెయ్యి ఎకరాల్లో విస్తరించిన బ్రాండిక్స్ అపెరల్ సిటీలో వేల మంది యువతులు కుట్టు యంత్రాల మీద పనిచేస్తున్నారు. వారికి పీఎఫ్ (భవిష్య నిధి) ఖాతా ఉంటుంది. పరవాడ ఫార్మాసిటీ కంపెనీల్లో ప్యాకింగ్, ల్యాబ్ పనులకు వెళ్లేవారు, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక లక్కబొమ్మల పనివారు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఉపాధ్యాయినులు, నర్సులు, ఇంటి పనికే పరిమితమైన గృహిణులు మిగిలిన వర్గాలు. ఒక్కో వర్గానికి అందుబాటులో ఉన్న పింఛను మార్గం వేరు. కాబట్టి అందరికీ సరిపోయే ప్రణాళిక ఒకటి ఉండదు.

చరిత్ర: ఆస్తి హక్కు, పొదుపు ఉద్యమం

స్త్రీధనం, పసుపు కుంకుమల కింద ఇచ్చే భూమి, బంగారం పూర్వం స్త్రీకి మలివయసు ఆధారాలుగా ఉండేవి. 1937 నాటి హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వితంతువుకు భర్త ఆస్తిలో జీవితకాలపు హక్కు మాత్రమే ఇచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టం దాన్ని సంపూర్ణ హక్కుగా మార్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. కేంద్రం 2005లో చేసిన సవరణ ఆ తేడాను తొలగించింది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, అన్నదమ్ములతో సంబంధం చెడుతుందని వాటా వదులుకుంటూ సంతకం చేసే ఆడపడుచులు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. అలా వదులుకున్న వాటా విలువను విశ్రాంత జీవితపు లెక్కలో ఎవరూ వేయరు. వేయాల్సిన లెక్క అది.

పొదుపు చరిత్ర 1982లో మొదలైన డ్వాక్రా (గ్రామీణ ప్రాంతాల మహిళా, శిశు అభివృద్ధి పథకం)తో మలుపు తిరిగింది. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత, రోజుకు రూపాయి చొప్పున దాచే సంఘాలు ఊరూరా వెలిశాయి. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) వాటిని గ్రామ సమాఖ్యలుగా, మండల సమాఖ్యలుగా అల్లింది. ఈ సంఘాలు అప్పు పుట్టించడంలో సాధించిన విజయం దేశానికే నమూనా అయింది. అయితే సంఘం పొదుపు ప్రధానంగా అప్పుకు ఆధారం. పిల్లల చదువు, పెళ్లి, గేదె, ఇంటి పైకప్పు... ఇలా నడివయసు అవసరాలకే అది ఖర్చవుతుంది. అరవై తర్వాతి కాలానికంటూ ఆ పొదుపులో విడిగా ఏమీ మిగలదు. ఈ లోటును పూడ్చడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన ప్రయత్నమే అభయహస్తం.

అభయహస్తం: సంఘం ద్వారా పింఛను

స్వయం సహాయక సంఘాల మహిళల సహ చందా పింఛను చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లో చేసింది. దాని కింద వచ్చిన పథకమే డాక్టర్ వైఎస్ఆర్ అభయహస్తం. లెక్క తేలిగ్గా అర్థమయ్యేది: సభ్యురాలు రోజుకు రూపాయి, అంటే ఏడాదికి 365 రూపాయలు కట్టేది, ప్రభుత్వం మరో 365 కలిపేది, నిధిని ఎల్ఐసీ నిర్వహించేది, 60 ఏళ్లు నిండాక నెలకు కనీసం 500 రూపాయల పింఛను వచ్చేది. దానితో పాటు జనశ్రీ బీమా కూడా ఉండేది. సహజ మరణానికి 30,000, ప్రమాద మరణానికి 75,000 రూపాయలు కుటుంబానికి అందేవి. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలకు ఏడాదికి 1,200 ఉపకార వేతనం వచ్చేది.

అసంఘటిత రంగంలోని మహిళలకు, వారి సంఘం ద్వారానే, వారి చందాతోనే, చట్టబద్ధంగా పింఛను కల్పించాలన్న ఆలోచన ఆ కాలానికి చాలా ముందడుగు. చందా వసూలుకు కొత్త యంత్రాంగం అక్కర్లేకుండా గ్రామ సమాఖ్యే ఆ పని చేసింది. అందులో చేరిన స్త్రీ దయ మీద ఆధారపడిన లబ్ధిదారు కాదు, సొంత సొమ్ము కట్టిన చందాదారు.

పథకం బలహీనత కూడా అంకెల్లోనే ఉంది. 500 అన్న మొత్తాన్ని ధరల పెరుగుదలతో ముడిపెట్టలేదు. మరోవైపు రాష్ట్ర సామాజిక పింఛను వేగంగా పెరిగింది. 2014 అక్టోబరులో 200 నుంచి 1,000కి, 2019 జనవరిలో 2,000కి చేరింది. వృద్ధాప్య పింఛను అర్హత వయసు 65 నుంచి 60కి తగ్గాక, చందా కట్టి తెచ్చుకునే 500 కన్నా చందా లేకుండా వచ్చే పింఛనే నాలుగైదు రెట్లు ఎక్కువైంది. చందా కట్టడంలో అర్థం లేకుండా పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఎల్ఐసీ వద్ద ఉన్న నిధిని ప్రభుత్వం వెనక్కి తీసుకోవడం వివాదమైంది. తెలంగాణలో 2022లో సభ్యులు కట్టిన సొమ్మును వడ్డీతో తిరిగి ఇవ్వాలని నిర్ణయించారు. చందా పింఛను పథకం నిలవాలంటే హామీ మొత్తం ధరలతో పాటు పెరగాలి, నిధి మీద సభ్యుల పట్టు ఉండాలి. అభయహస్తంలో ఈ రెండూ లోపించాయి.

సామాజిక పింఛను (ఎన్టీఆర్ భరోసా)

కేంద్రం 1995 ఆగస్టు 15న ప్రారంభించిన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం నేటి సామాజిక పింఛన్లకు పునాది. అందులో కేంద్రం వాటా 60 నుంచి 79 ఏళ్ల వృద్ధులకు నెలకు 200, వితంతువులకు 300 రూపాయల దగ్గరే ఆగిపోయింది. మిగతాదంతా రాష్ట్రమే భరిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా పేరిట వృద్ధులకు, వితంతువులకు, ఒంటరి మహిళలకు నెలకు 4,000 రూపాయలు అందుతున్నాయి. గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది ప్రతి నెలా మొదటి రోజుల్లో ఇంటికే వచ్చి ఇస్తారు. చెరకు కూలీలకు, ఇంటి పనివారికి, సంతలో కూరగాయలమ్మే వారికి నికరంగా అందే మలివయసు ఆదాయం చాలాచోట్ల ఇదొక్కటే.

దీని మీదే ఆధారపడి ప్రణాళిక వేసుకునే ముందు అర్హతలు చూసుకోవాలి. కుటుంబ ఆదాయం గ్రామంలో నెలకు 10,000, పట్టణంలో 12,000 దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాల లోపు ఉండాలి. నెలకు 300 యూనిట్లకు మించి కరెంటు వాడకూడదు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవారు, సొంత కారు ఉండకూడదు. కొన్ని మినహాయింపులు తప్ప కుటుంబానికి ఒకే పింఛను. ఈ ఆఖరి నిబంధన స్త్రీలకు చాలా ముఖ్యం. భార్యాభర్తలిద్దరూ అరవై దాటితే పింఛను సాధారణంగా భర్త పేరునే ఉంటుంది. గతంలో అతను చనిపోయాక భార్య కొత్తగా దరఖాస్తు పెట్టుకుని మంజూరు కోసం ఎదురుచూడాల్సి వచ్చేది. 2024 నవంబరు తర్వాత స్పౌజ్ కేటగిరీ కింద ఆ జాప్యం తగ్గింది. భర్త మరణ ధ్రువపత్రం ఇస్తే తర్వాతి నెల నుంచే పింఛను ఆమె పేరుకు మారుతుంది.

ఉద్యోగ భద్రతా పథకాలు: పీఎఫ్, ఈపీఎస్, గ్రాట్యుటీ

1952 చట్టంతో మొదలైన భవిష్య నిధి (పీఎఫ్) పథకంలో ఉద్యోగిని వేతనంలో 12 శాతం, యజమాని మరో 12 శాతం జమచేస్తారు. యజమాని వాటాలో 8.33 శాతం 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకానికి (ఈపీఎస్) పోతుంది.

మూల వేతనం నెలకు 12,000 ఉన్న కుట్టు కార్మికురాలిని ఉదాహరణగా తీసుకుంటే, ఆమె జీతంలోంచి 1,440 కోత పడుతుంది. యజమాని 1,440లో సుమారు 1,000 ఈపీఎస్‌కు, 440 పీఎఫ్‌కు వెళతాయి. నెలకు 1,880 చొప్పున పీఎఫ్ పదేళ్లు సాగితే, 8.25 శాతం వడ్డీతో సుమారు 3.4 లక్షలవుతుంది. ఆ వడ్డీ రేటే కొనసాగితే ఆ మొత్తం తొమ్మిదేళ్లకోసారి రెట్టింపవుతుంది.

పదేళ్లు అన్నది ఇక్కడ అసలు గడప. ఈపీఎస్‌లో పదేళ్ల సర్వీసు నిండితేనే 58 ఏళ్ల నుంచి జీవితాంతం నెలవారీ పింఛను వస్తుంది. పింఛనుకు లెక్కించే వేతనాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తే వచ్చేదే పింఛను. 12,000 వేతనంతో పదేళ్లకు 1,714, పదిహేనేళ్లకు 2,571 రూపాయలు. 2014 సెప్టెంబరు నుంచి కనీస పింఛను 1,000 రూపాయలు. పద్దెనిమిదో ఏట చేరి ఇరవై మూడో ఏట పెళ్లికి మానేసిన అమ్మాయికి ఈ గడప అందదు. ఫారం 19, ఫారం 10సీ నింపి పీఎఫ్, పింఛను సొమ్ము రెండూ తీసేసుకుంటుంది. ఆ డబ్బు పెళ్లి ఖర్చులో కలిసిపోతుంది. పెళ్లి కోసం ఉద్యోగం మానే స్త్రీలు నిరీక్షణ గడువు లేకుండా పీఎఫ్ తీసుకోవచ్చన్న నిబంధన పూర్వం సౌకర్యంగా పెట్టిందే. అది మలివయసు నిధిని ఇరవైల్లోనే ఖాళీ చేయించే దారి కూడా అయింది.

దీనికి మందు అదే ఫారంలో ఉంది. ఫారం 10సీలో సొమ్ముకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ కోరవచ్చు. అప్పుడు పాత సర్వీసు చెదరదు. కాన్పులయ్యాక మరో కంపెనీలో చేరితే పాత ఏళ్లు, కొత్త ఏళ్లు కలుస్తాయి. ఒకే యూఏఎన్ (సార్వత్రిక పీఎఫ్ ఖాతా సంఖ్య) వాడితే పీఎఫ్ ఖాతా కూడా బదిలీ అవుతుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారితే పీఎఫ్ రికార్డుతో సరిపోలక క్లెయిములు తిరిగొస్తుంటాయి. పేరు సరిచూసుకోవడం ఉద్యోగంలో ఉండగానే చేయాల్సిన పని.

సర్వీసులో ఉండగా భర్త చనిపోతే భార్యకు ఈపీఎస్ నుంచి వితంతు పింఛను వస్తుంది. అతను ఒక్క నెల చందా కట్టినా ఈ హక్కు ఉంటుంది. చాలా కుటుంబాలకు ఈ సంగతే తెలియదు. సాధారణంగా ఐదేళ్ల సర్వీసు దాటినవారికి ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు 1972 గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పునిచ్చింది. రాష్ట్రంలో 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు సాగిన అంగన్‌వాడీల సమ్మె డిమాండ్లలో గ్రాట్యుటీ కూడా ఒకటి.

ఉపాధ్యాయినులు, నర్సుల వంటి ప్రభుత్వోద్యోగుల్లో 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవారికి పాత పింఛను, తర్వాత చేరినవారికి చందా పింఛను (సీపీఎస్) వర్తిస్తాయి. సీపీఎస్ వారు విరమణ వేళ నిధిలో కనీసం 40 శాతంతో యాన్యుటీ (జీవితాంతం క్రమంగా ఆదాయమిచ్చే పథకం) కొనాలి.

స్వచ్ఛంద పథకాలు, వయసు పరిమితులు

2015లో మొదలైన అటల్ పెన్షన్ యోజనలో 18 నుంచి 40 ఏళ్లవారు చేరవచ్చు. 60 తర్వాత నెలకు 5,000 రావాలంటే పద్దెనిమిదేళ్ల అమ్మాయి నెలకు 210 కట్టాలి. ముప్పై ఏళ్ల స్త్రీ 577, నలభై ఏళ్ల స్త్రీ 1,454 కట్టాలి. ఆమె తర్వాత భర్తకు అదే పింఛను, ఇద్దరి తర్వాత నామినీకి 8.5 లక్షలు అందుతాయి. ఆదాయపు పన్ను చెల్లించేవారికి 2022 అక్టోబరు నుంచి ప్రవేశం లేదు. 2019లో వచ్చిన ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్ నెలకు 15,000 లోపు ఆదాయం ఉన్న అసంఘటిత కార్మికులది. వయసును బట్టి 55 నుంచి 200 రూపాయలు కడితే కేంద్రం అంతే కలుపుతుంది. 60 తర్వాత నెలకు 3,000 వస్తుంది. చిన్న, సన్నకారు రైతులకు ఇదే తరహాలో కిసాన్ మాన్‌ధన్ ఉంది. పొలం తన పేరున ఉన్న మహిళా రైతు అందులో సొంతంగా చేరవచ్చు.

ఈ మూడింటికీ ప్రవేశ వయసు నలభైతో ముగుస్తుంది. పల్లెల్లో స్త్రీకి తన సొంత భవిష్యత్తు గురించి ఆలోచించే తీరిక పిల్లల చదువులు, పెళ్లిళ్లు అయ్యాక, నలభై అయిదు దాటాకే దొరుకుతుంది. అప్పటికి తలుపులు మూసుకుంటాయి. పథకాల రూపకల్పనలో ఇది పెద్ద లోపమే. నలభై దాటినవారికి మిగిలేవి జాతీయ పింఛను పథకం (ఎన్‌పీఎస్), పదిహేనేళ్ల పీపీఎఫ్ (ప్రజా భవిష్య నిధి), పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్. 60 దాటాక సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో 30 లక్షల దాకా పెట్టవచ్చు. 2025లో దాని వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి చేతికొస్తుంది. పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో ఒకరి పేరున 9 లక్షలు, ఉమ్మడిగా 15 లక్షలు పరిమితి. స్త్రీలకే ఉద్దేశించిన మహిళా సమ్మాన్ సర్టిఫికెట్ 2023 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మాత్రమే అమ్మారు. రెండేళ్ల గడువే కాబట్టి అది విశ్రాంత జీవితానికి పనికొచ్చేది కాదు.

అనధికార పొదుపు: చీటీ, బంగారం, ఎక్కువ వడ్డీ డిపాజిట్లు

జిల్లాలో స్త్రీలు ఎక్కువగా నమ్మేది చీటీ పాటను, బంగారాన్ని. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన చీటీకి రక్షణ ఉంది. వీధిలో తెలిసినవారు కట్టించే చీటీకి అది లేదు. నిర్వాహకులు ఊరు వదిలి పోతే రాతకోతల్లో ఆధారమూ ఉండదు. ఇక బంగారం సంగతికొస్తే, నగ విలువలో తరుగు, మజూరీ పోతాయి. అయినా ఆపదలో గంటలో అప్పు పుట్టించే ఆస్తి అదొక్కటే కావడం వల్ల దాని స్థానం చెక్కుచెదరలేదు.

ఎక్కువ వడ్డీ ఆశ చూపే డిపాజిట్ల చేటును అగ్రిగోల్డ్ అనే డిపాజిట్ల సంస్థ ఉదంతం చూపించింది. 2014 తర్వాత చెల్లింపులు ఆగిపోయి రాష్ట్రంలో లక్షల మంది చిన్న డిపాజిటర్లు చిక్కుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2019లో 10,000 లోపు, 2021లో 20,000 లోపు డిపాజిట్లు ఉన్నవారికి చెల్లింపులు చేసింది. అంతకు మించి పెట్టినవారి నిరీక్షణ ఆ తర్వాతా కొనసాగింది.

అవసరమైన మొత్తాన్ని లెక్కించే తీరు

ప్రస్తుతం 35 ఏళ్ల స్త్రీకి నెల ఖర్చు 8,000 అనుకుంటే, ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే, ఆమెకు 60 ఏళ్లు వచ్చేసరికి అదే జీవనానికి నెలకు 34,000 పైన కావాలి. అదే రేటున, ముప్పై ఏళ్ల తర్వాత చేతికొచ్చే 5,000 రూపాయల స్థిర పింఛనుకు ఇవాళ్టి లెక్కలో 870 రూపాయల విలువే ఉంటుంది. అందుకే ప్రణాళికలో స్థిర పింఛను ఒక పాలు మాత్రమే కావాలని, ధరలతో పాటు పెరిగే ఆస్తి మరో పాలు ఉండాలని సలహాదారులు చెబుతారు. యాన్యుటీ కొనే దంపతులు ఇద్దరి జీవితకాలానికీ వర్తించే ‘జాయింట్ లైఫ్’ రకం ఎంచుకోకపోతే భర్తతోనే ఆదాయం ఆగిపోతుంది. వైద్యం ఖర్చును విడిగా లెక్కించాలి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది.

పేరు, నామినీ, చట్ట రక్షణ

ఆస్తి ఎవరి పేరున ఉందన్నది దాని మొత్తమంత ముఖ్యం. బ్యాంకు డిపాజిట్‌కు నామినీగా ఉన్నంత మాత్రాన సొమ్ము సొంతం కాదు. నామినీ వారసుల తరఫున దాన్ని అందుకునే వ్యక్తి మాత్రమే. 2015 సవరణ తర్వాత జీవిత బీమాలో భార్య నామినీగా ఉంటే ఆ సొమ్ము ఆమెదే. 1874 వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భర్త తీసుకున్న పాలసీని అతని అప్పులవాళ్లు జప్తు చేయలేరు. పాలసీ తీసుకునేటప్పుడే ఆ చట్టం కింద రాయించాలి. వీలునామా లేని ఇంట్లో వితంతువుకు చట్టప్రకారం వాటా ఉన్నా, ఆచరణలో దాని కోసం పిల్లల మీద ఆధారపడాల్సి రావచ్చు.

ఉన్న ఇంటినీ పొలాన్నీ కొడుకు పేరున రాసిచ్చి నిరాధారమైన తల్లికి 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉపయోగపడుతుంది. చూసుకుంటామన్న షరతుతో రాసిచ్చిన దస్తావేజును, ఆ మాట తప్పితే రద్దు చేయించుకునే వీలు 23వ సెక్షన్ ఇస్తుంది. అందువల్ల ఆ షరతును దస్తావేజులోనే రాయించుకోవాలి. ట్రిబ్యునల్‌కు ఆర్డీవో అధ్యక్షత వహిస్తారు. జిల్లాలోని ఆర్డీవో కార్యాలయాల్లో తల్లి స్వయంగా, న్యాయవాది లేకుండానే తెల్లకాగితం మీద దరఖాస్తు ఇవ్వవచ్చు. నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. నోటీసు అందిన 90 రోజుల్లో విచారణ ముగించాలని చట్టం చెబుతోంది.